ఏ దేశంలోనూ లేని తుపాకీ

తుపాకుల గురించి వాదించేవాళ్ళలో నూటికి తొంభై మంది వాటిని సినిమాల్లోనే చూసి ఉంటారు. నేను అలా కాదు. నా పేరు శ్రీనివాసులు, మాది సంజామల పక్కన పల్లె. సైన్యంలో హవల్దారుగా రిటైరై ఇప్పుడు నంద్యాలలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. సర్వీసంతా నా భుజాన ఉన్నది ఇన్సాస్ రైఫిలు, మన దేశం సొంతంగా చేసుకున్న తుపాకీ. "నాతో కంటే దాంతోనే ఎక్కువ కాపరం చేసినావు" అని మా రామలక్ష్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కళ్ళకు గుడ్డ కట్టినా దాన్ని విప్పి మళ్ళీ బిగించగలను.

అలాంటివాడి ఫోనులోకి ఒక సోమవారం పొద్దున ఆ ఫోటో వచ్చి పడింది. ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్డులో, రాతి దుమ్ములో, మా దినేశ్ విగ్రహం. ఎవరో చాటుగా తీసినట్టున్నారు, అంతా మసక. కింద ఒక మహానుభావుడు రాశాడు: "వీరజవాను చేతిలో టెర్రరిస్టుల ఏకే ఫార్టీసెవెన్! నంద్యాల తల దించుకోవాలి!" దాని కింద కోపం బొమ్మలు, జెండాలు, తిట్లు. ఓరి మీ నోళ్ళు పడ! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, ఒక్కడు కూడా అది ఏకే అవునా కాదా అని అడిగిన పాపాన పోలేదు.

దినేశ్ ఎవరంటే, మా మిల్లు రోడ్డులోనే కిరాణా అంగడి పెట్టుకున్న మాధవయ్య కొడుకు. ఆ ఇంట్లో ముత్తాతల కాలం నుంచి వ్యాపారమే. తక్కెడ పట్టాల్సిన పిల్లవాడు పట్టాళంలోకి పోతానని మొండికేశాడు. "శెట్టి ఇంట్లో తుపాకీ ఏందప్పా, పప్పు బస్తాల కాడ ఎలకల్ని కాల్చేకా?" అని బజారంతా నవ్వింది. వాడికి పరుగు నేర్పింది నేనే. తెల్లారకముందే వచ్చి మిల్లు గేటు దగ్గర నిలబడేవాడు. చేరాడు. పోయిన చలికాలం, పైన కొండల్లో, మంచు చరియ విరిగి మీద పడి పోయాడు. కాల్పులు లేవు, యుద్ధం లేదు. ఉత్త మంచు.

పెట్టె వచ్చింది. మూత తెరవొద్దన్నారు. తల్లి రత్నమ్మ ఆ పెట్టెను తడుముతూ, "ముఖమన్నా చూపీండప్పా, ఒక్కసారి" అని కనబడిన ప్రతివాడి కాళ్ళూ పట్టుకుంది. నా కాళ్ళు కూడా పట్టుకుంది. నేను ఏమీ చేయలేకపోయాను. అప్పటి నుంచి ఆమె నోట ఒకటే మాట, నా బిడ్డ ముఖం చూడలేదు అని. అన్నం ముందు కూర్చుని అదే, తులసికి నీళ్ళు పోస్తూ అదే.

అందుకే వర్తక సంఘం వాళ్ళు కూడలిలో దినేశ్ విగ్రహం పెడతామనగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. రాతిలోనైనా ముఖం వస్తుంది కదా. ఆళ్ళగడ్డలో ప్రవీణ్ అనే శిల్పికి పని అప్పజెప్పారు. ఫోటో రత్నమ్మే ఇచ్చింది. దినేశ్ బంకరు ముందు ఇసుక బస్తాకు ఫోను ఆనించి, తనను తాను చూసుకుంటూ తీసుకున్న ఫోటో అది. తుపాకీతో ఫోటోలు పంపకూడదని రూలు. అమ్మ అడిగిందని అమ్మకు మాత్రం పంపాడు. మిగతా ఫోటోలన్నింట్లో ఆఫీసరు పిలిచినట్టు బిగుసుకుని ఉంటాడు. ఇందులో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

ఆ గురువారమే విగ్రహం ఆవిష్కరణ. దినేశ్ యూనిట్ నుంచి ఇద్దరు వస్తున్నారు. ఇలాంటి సమయంలో ఈ ఏకే గోల.

సంఘం అధ్యక్షురాలు ప్రమీలమ్మ కారు మిల్లు గేటు ముందు ఆగింది. వెనక సీట్లో మాధవయ్య, రత్నమ్మ, వాళ్ళ కూతురు కావ్య ఉన్నారు. "ఎక్కన్నా, బేగా. ఆ తుపాకీ ఏందో నువ్వే చూసి చెప్పాల" అంది ప్రమీలమ్మ. నేను రొమ్ము విరుచుకుని ఎక్కాను. అందరి నోళ్ళూ మూయించి వద్దామనే బయలుదేరాను, దేవుడి తోడు.

శిరివెళ్ళ దాటే లోపే ఆమె మొదలుపెట్టింది. "అది ఏకేనా కాదా, సూటిగా చెప్పన్నా."

"కాదమ్మా. ఇన్సాస్. మనది."

"మరి అచ్చం దాని మాదిరే ఉందంటాండారే?"

"ఉంటాది. లోపల గ్యాసుతో నడిచే పద్ధతి రష్యావోళ్ళ ఏకేను చూసి తీసుకున్యారు. ఆ గ్యాసును పెంచి తగ్గించే మీట బెల్జియమోళ్ళ తుపాకీది. గుండు ఎక్కించేకి లాగే పిడి ఎడమ పక్కన పెట్టింది జర్మనోళ్ళను చూసి. భుజానికి ఆనించే కాడ ఉండే రేకు, తెల్లోడు ఇడిసిపెట్టి పోయిన పాత ఎన్‌ఫీల్డుది. అన్నీ చూసి, పూణేలో గీసి, మన ఫ్యాక్టరీల్లో చేసుకున్యాం."

"అంటే కిచిడీ. ఊరోళ్ళందరివీ తెచ్చి కలిపితే మనదెట్లయిందన్నా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మాధవయ్యా, నీ అంగట్లో మిరపకాయ యాడిదప్పా?"

"గుంటూరు నుంచి తెస్తాం" అన్నాడాయన అమాయకంగా.

"దాని ముత్తాత సముద్రం అవతల నుంచి ఓడెక్కి వచ్చినాడు. అయినా మనింటి కారెం మనది కాదా? నీ కారు యాడిది ప్రమీలమ్మా? దాని పేరేందో నాకు పలికేకే రాదు."

కావ్య నవ్వింది. ప్రమీలమ్మ నవ్వు ఆపుకుంది. రత్నమ్మ మాత్రం కిటికీ వైపు నుంచి ముఖం తిప్పి నన్ను చూసింది. "అట్లయితే అది మనదే గదన్నా? తీసెయ్యరు గద?"

"మనదేనమ్మా. ఎవుడు తీస్తాడో నేనూ చూస్తా."

అంత ధీమాగా అన్నాను. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పుల షెడ్లే. తొండం సగం వచ్చిన వినాయకుడు, కాళ్ళు ఇంకా రాయిలోనే ఉన్న ఆంజనేయుడు, ఎండలో వరుసగా నందులు. కోత మిషన్ల రొదకు పక్కవాడి మాట వినబడదు. ప్రవీణ్ మమ్మల్ని చూసి మిషన్ ఆపించాడు. విగ్రహం మీద కప్పిన తడి గోనె లాగాడు.

నల్లరాయి, నడుము దాకా విగ్రహం. దినేశ్. వాడే. ఆ నవ్వు, ఉన్ని టోపీ కింద ఆ కనుబొమ్మ మీద గాటు, పై పెదవి కొంచెం ఎత్తుగా. మిల్లు గేటు దగ్గర నిలబడి "మామా, ఈ పొద్దు ఇంకొంచెం ఎక్కువ ఉరుకుతా" అన్నట్టే ఉంది. రత్నమ్మ చెప్పులు విడిచి దగ్గరికి పోయింది. రెండు చేతులతో ఆ రాతి ముఖాన్ని పట్టుకుంది. ఏడవలేదు. చెంపలు నిమిరింది, గడ్డం నిమిరింది, చేతి దాకా వచ్చి ఆగింది.

"చూడన్నా" అని నన్ను పిలిచింది. ఆమె ముఖంలో వెలుగు చూసి నెలలైంది. "ఎడమ చెయ్యి. చూస్తివా?"

విగ్రహం తుపాకీని రొమ్ముకు అడ్డంగా పట్టుకుని ఉంది. పిడిని పట్టుకున్నది ఎడమ చెయ్యే.

"వానిది పుట్టుకతో ఎడమ చెయ్యి. అంగట్లో ఎడమ చెయ్యి చాపితే లచ్చిమి ఎల్లిపోతాదని, ఈయప్ప గోనెపురితో ఆ చేతిని నడుముకు కట్టి గల్లాపెట్టె కాడ కూచోబెట్టేవాడు. బిడ్డ ఒకటే ఏడుపు. అన్నం కుడి చెయ్యి, పలక కుడి చెయ్యి, దండం పెట్టేకి కూడా ముందు కుడి చెయ్యే లేపాల. పట్టాళం నుంచి ఈ ఫోటో పంపినాడు. చూస్తే తుపాకీ ఎడమ చేత్తో పట్టుకోనుండాడు. పోనీలే, ఆడన్నా వాని చెయ్యి వానికిచ్చినారు, అందుకే అంత నవ్వుతాండాడు అనుకున్యా. నాకు అదొక్కటే తృప్తి అన్నా."

మాధవయ్య తల వంచుకుని నేల చూస్తున్నాడు. నేను మాత్రం తుపాకీని చూస్తున్నాను.

ఇన్సాస్‌కు పేలిన తూటా గొట్టం బయటికి ఎగిరే కిటికీ కుడి పక్కన ఉంటుంది. లాగే పిడి ఎడమ పక్కన ఉంటుంది. ఇక్కడ మా వైపు కనబడుతున్నది తుపాకీ ఎడమ పక్క. లాగే పిడి లేదు. కిటికీ ఉంది. పక్కకు పోయి, ఒళ్ళు వంచి, రొమ్ముకూ తుపాకీకీ మధ్య సందులోకి చూశాను. ఆ పక్క ప్రవీణ్ నునుపుగా వదిలేశాడు. ఇది ఇన్సాస్ కాదు. ఏకే అంతకన్నా కాదు. రష్యాదీ కాదు, బెల్జియందీ కాదు, జర్మనీదీ కాదు. భూమ్మీద ఏ దేశంలోనూ ఇలాంటి తుపాకీ లేదు.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. అద్దంలో చూసుకుంటే ఎలా ఉంటుందో, అలా ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగుంది అంటే గురువారం యూనిట్ వాళ్ళు ముసుగు తీసీ తీయగానే కనిపెడతారు. జనం ముందు, ఆ తల్లి ముందు. బాగాలేదు అంటే ఆమె ముఖంలో ఆ వెలుగు ఇప్పుడే పోతుంది. నోరు కట్టేసుకుని నిలబడ్డాను. ప్రమీలమ్మ ఊరుకుంటుందా? "ఏమన్నా, మాట్లాడవు? సరిగ్గా ఉందా, లేదా?"

ప్రవీణ్‌ను పక్కకు పిలిచి మెల్లగా చెబుదామని చూశాను. వాడికి పౌరుషం వచ్చి అందరికీ వినబడేలా అరిచాడు. "తప్పేందన్నా? ఫోటోలో ఉన్నది ఉన్నట్టు చెక్కినా. వెంట్రుకవాసి తేడా ఉంటే నా ఉలి ఇరగ్గొట్టుకుంటా!" గోడకు అంటించిన పెద్ద ఫోటో చూపించాడు. పాపం, వాడు చెప్పింది నిజమే. ఫోటోలో ఉన్నది ఉన్నట్టే చెక్కాడు.

ఇక దాచి లాభం లేదు. "ఫోటోనే తిరగబడిందప్పా" అన్నాను.

కావ్య నాకంటే ముందు తెలుసుకుంది. తన ఫోను తీసి, అన్న ఫోటో తెరిచి, వేలితో ఏదో నొక్కింది. ఫోటో అటుది ఇటు తిరిగింది. తుపాకీ కిటికీ కుడి పక్కకు వెళ్ళిపోయింది. తుపాకీ సరైపోయింది.

"ముందు కెమెరాతో తీసినాడు మామా. అద్దంలో మాదిరి వచ్చింటాది" అంది.

రత్నమ్మ ఫోను లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. తూకం రాయి మీద పడి చీలిన గాటు ఇప్పుడు కుడి కనుబొమ్మ మీద ఉంది. "ఇదే, ఇదే నా బిడ్డ" అంది. "ఏందో తేడా కొడతాందని అనుకుంటానే ఉండా. నా కండ్లే మసకలనుకున్యా. ఇప్పుడు వాడే, అచ్చం వాడే." ఆ మాట అంటూనే ఆమె చూపు కిందికి జారింది. తుపాకీ పిడి మీద కుడి చెయ్యి ఉంది.

ఆ ఆడమనిషి ముఖాన్ని నేను చచ్చేదాకా మర్చిపోను. తిప్పేసరికి ముఖం కొడుకుదే అయింది. చెయ్యి కొడుకుది కాకుండా పోయింది.

"అన్నా" అంది నా వైపు తిరిగి. "నువ్వు నిజం చెప్పు. నా మీద ఒట్టు. ఆడ వాణ్ణి ఎడమ చెయ్యి వాడనిచ్చింటారా?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. ఎడమ చేతి వాళ్ళకు వేరే తుపాకీలు ఇస్తారమ్మా అనేయాలనిపించింది. కానీ ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. "లేదమ్మా. ఆ తుపాకీలో ఖాళీ గొట్టం కుడి పక్కకు ఎగురుతాది. ఎడమ భుజానికి పెట్టుకుంటే మూతి ముందర నుంచే పోతాది. అందుకే అందరికీ కుడి భుజమే నేర్పుతారు."

"అంటే ఆడ కూడానా" అంది. రాతి పొడి మీదే కూలబడింది.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. దేశాలన్నీ తిరిగి ఎవడి దగ్గరేం బాగుందో ఏరుకొచ్చి చేసిన తుపాకీలో, ఒక్క ఎడమ చేతివాడికి చోటు లేకపోయింది. ఇన్నేళ్ళు మోశాను, ఒక్కనాడూ ఆ ఆలోచన నాకు రాలేదు.

ప్రమీలమ్మ మంచి మనిషే, కానీ గురువారం ఆమె నెత్తి మీద కూర్చుంది. ఫోను మీద ఫోను చేసింది. పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక దారి వెతికింది. "రాతిది ఈడే ఉండనీండి. ఫైబరుది రెండు రోజుల్లో చేసిస్తారంట, అచ్చు తయారుగా ఉందంట. తుపాకీ సరిగ్గా ఉంటాది. గురువారానికి దాన్ని నిలబెడదాం."

"ముఖం?" అంది రత్నమ్మ కింద నుంచే.

"ముఖం కొంచెం సవరిస్తారంటక్కా. జవాను మాదిరి ఉంటాది."

"జవాను మాదిరా?" రత్నమ్మ లేచింది. "నా కొడుకు మాదిరి కాదా? మీకు తుపాకీ కావాల్నా, నా బిడ్డ ముఖం కావాల్నా?"

"అక్కా, యూనిట్‌వోళ్ళొస్తారు. పేపరోళ్ళొస్తారు. తప్పుడు తుపాకీతో నిలబెడితే వాని పరువే గదా పోయేది?"

"అట్లయితే తుపాకీ చెక్కెయ్యండి. వానికేమన్నా పుట్టుకతో వచ్చిందా అది?"

ప్రవీణ్ తల అడ్డంగా ఆడించాడు. "ఒకే రాయి అమ్మా. తుపాకీ తీస్తే వేళ్ళు పోతాయి, రొమ్ము గుంట పడతాది. విరిగిన విగ్రహం నిలబెట్టకూడదు. నేను చెయ్యను."

రత్నమ్మ ఒకసారి విగ్రహాన్ని, ఒకసారి కోత మిషన్‌ను చూసింది. మెడ మీద చెయ్యి పెట్టింది. "అయితే ఈడికి కోసియ్యి నాయనా. తల ఒక్కటి ఇయ్యి నాకు. ఒళ్ళో పెట్టుకోని ఇంటికి తీసకపోతా. పెట్టెలో చూపియ్యలేదు. ఇదన్నా ఇయ్యి."

కావ్య తల్లిని పట్టుకోబోతే విదిలించి కొట్టింది. "కోసియ్యప్పా! నీ బిడ్డలు సల్లగుండాల, కోసియ్యి!" ప్రవీణ్ చేతిలో ఉలి కింద పడేసి గోడ వైపు తిరిగిపోయాడు. నేను సరిహద్దులో చావులు చూశాను. కన్నతల్లి కొడుకు తల కోసిమ్మని బతిమాలుకోవడం మాత్రం ఏ పగవాడూ చూడకూడదు.

షెడ్డులోకి వచ్చినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడని మాధవయ్య ముందుకొచ్చాడు. గట్టిగా తుమ్మితే గిరాకీ పోతుందేమోనని భయపడే మనిషి. అలాంటివాడు పెద్ద గొంతుతో అరిచాడు. "కోసేది లేదు! ఎవురూ ముట్టద్దు!"

వెళ్ళి విగ్రహం ఎడమ చేతి మీద తన చెయ్యి వేశాడు. ఆ రాతి మణికట్టు చుట్టూ వేళ్ళు బిగించి, వెంటనే కాలినట్టు తీసేశాడు. "ఈడే కడతాంటి పురి" అన్నాడు. "ఎర్రగా గుర్తు పడేది. సాయంత్రం విప్పుతాంటి, పొద్దున కడతాంటి. లచ్చిమి పోతాదనుకుంటి." ఈసారి ఆ మణికట్టును మెల్లగా నిమిరాడు. "కొడుకే పోయినాడు."

రత్నమ్మ ఆయన వైపు చూడలేదు. నాతోనే అంది. "దావలో చెప్తివి గదన్నా. రష్యాది కొంచెం, బెల్జియందీ కొంచెం అని. నా కొడుకూ అంతే. ముక్కు వాళ్ళ తాతది. నుదురు మా అన్నది. నవ్వు నాది. మా రెండిండ్లలో ఎడమ చెయ్యి ఎవురికీ లేదు. ఆ చెయ్యొక్కటే వాడు సొంతంగా తెచ్చుకున్యాడు. అది ఒకటీ వానికి దక్కలేదు."

ప్రమీలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానీ ఫైబరు వాళ్ళకు ఫోను చేయడం మానలేదు. ఆమెను తిట్టాలని నోటి దాకా వచ్చింది గానీ, ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

"రాతిది నాకియ్యండి" అన్నాడు మాధవయ్య. "అంగట్లో పెట్టుకుంటా."

"చచ్చినోని బొమ్మ అంగట్లోనా? గిరాకీ వస్తాదాప్పా?" అంది ప్రమీలమ్మ. ఆయన అప్పటికే టెంపో బాడుగ ఎంతని ప్రవీణ్‌ను అడుగుతున్నాడు.

మంగళవారం టెంపోలో వచ్చింది విగ్రహం. మా మిల్లు హమాలీలే మోకులు వేసి, దుంగల మీద దొర్లించి అంగట్లోకి ఎక్కించారు. ఆ రోడ్డులో అందరూ తలుపుల దగ్గర నిలబడి చూశారు. అపశకునం అన్నవాళ్ళున్నారు, పిచ్చి పట్టిందన్నవాళ్ళున్నారు. రత్నమ్మ ఇంట్లోంచి ఒక పీట తెచ్చుకుని విగ్రహం పక్కన వేసుకుంది. మధ్యాహ్నం అన్నం అక్కడే కూర్చుని తింది. తినమని ఎవరూ చెప్పలేదంట.

గురువారం కూడలిలో ముసుగు తీశారు. ఫైబరు విగ్రహానికి బంగారు రంగు కొట్టారు. తుపాకీ నేనే ముందుగా వెళ్ళి పరీక్షించాను. కిటికీ కుడి పక్క, లాగే పిడి ఎడమ పక్క, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. తప్పు పట్టడానికి లేదు. ముఖం మాత్రం బట్టల అంగడి ముందు చొక్కా తొడిగి నిలబెట్టే బొమ్మది. యూనిట్ నుంచి వచ్చిన ఇద్దరూ సెల్యూట్ కొట్టారు, నేనూ కొట్టాను. ఎవరికి కొట్టానో నాకే తెలియలేదు. దండలు పడ్డాయి, ఉపన్యాసాలు అయ్యాయి. మాధవయ్య ఇంటి నుంచి కావ్య ఒక్కతే వచ్చి వెనక వరుసలో నిలబడి వెళ్ళిపోయింది. వాట్సాప్ మహానుభావుడు "ఇప్పుడు సరైన తుపాకీ! జై జవాన్!" అని పెట్టాడు. వాడి నోట్లో మన్ను పొయ్య.

మర్నాడు పొద్దున్నే రామలక్ష్మమ్మ కందిపప్పు లేదంది. నిజంగా లేదో, నన్ను అటు తరమడానికే అందో నేనడగలేదు. మాధవయ్య అప్పుడే అంగడి ఊడ్చి, నీళ్ళు చల్లి, ఊదొత్తులు వెలిగిస్తున్నాడు. నేనే మొదటి గిరాకీ. బోణీ అన్నమాట. ఆ అంగట్లో బోణీ అంటే మాటలు కాదు. కుడి చేత్తో ఇవ్వాలి, ఆయన కుడి చేత్తో తీసుకుని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేయాలి. చిన్న పిల్లలు తెలియక ఎడమ చెయ్యి చాపితే వెనక్కి పంపేవాడు.

విగ్రహం గల్లాపెట్టె పక్కనే ఉంది. రత్నమ్మ కొంగుతో ఆ ముఖం మీద పడిన పిండి దుమ్ము తుడుస్తోంది. "రాన్నా" అంది. అంతే.

మాధవయ్య పప్పు తూచి పొట్లం కట్టాడు. నేను కుడి చేత్తో నోటు చాచాను. ఆయన తీసుకోలేదు.

"నాకొద్దప్పా. వానికియ్యి."

"ఎవురికి?"

"వానికే. బోణీ వానిదే ఇంక. ఆ చెయ్యికియ్యి."

రాతి బొటనవేలికీ తుపాకీ పిడికీ మధ్య సన్నటి సందు ఉంది. నోటు మడిచి అందులో పెట్టాను. ఆ రాయి తాకితే చల్లగా ఉంది. రత్నమ్మ తుడవడం ఆపి మొగుడి వైపు చూసింది. మాధవయ్య గల్లాపెట్టె మూత తెరిచాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపాడు. ఆ చేతికి అలవాటు లేదు. కొడుకు వేళ్ళ మధ్య నుంచి నోటు తీసుకుని, కళ్ళకద్దుకుని, గల్లాపెట్టెలో వేశాడు.

చిల్లర కూడా ఎడమ చేత్తోనే ఇచ్చాడు. నేను ఎడమ చేత్తోనే తీసుకున్నాను.